దుప్పటి కింద ఎడమ చెయ్యి

కత్తెర తాత జబ్బు మొదట కత్తెరలోనే బయటపడింది. కాకపోతే ఆరు నెలల పాటు అందరూ దాన్ని పనితనం అనుకున్నారు.

జుట్టు కత్తిరించేవాళ్ల కత్తెర ఎప్పుడూ ఊరికే ఉండదు. వెంట్రుకల్ని ఒకసారి కోస్తే గాలిని మూడుసార్లు కోస్తుంది. ఆ టకటక చెవిన పడకపోతే కుర్చీలో కూర్చున్నవాడికి పని జరుగుతున్నట్టే ఉండదు. అందుకని తాత కుడిచేతి బొటనవేలు తనంతట తాను ఎగరడం మొదలుపెట్టినప్పుడు ఎవరికీ అనుమానం రాలేదు. "ఈ వయసులో ఏం స్పీడు తాతా!" అని మెచ్చుకున్నారు. ఆ టకటకల్లో కొన్ని తనవి కావని తాతకి తెలుసు. తెలిసినా మెచ్చుకోలు పుచ్చుకున్నాడు. గుమ్మంలోకి వచ్చిన మెచ్చుకోలుని వెనక్కి పంపే అలవాటు ఆయనకి లేదు.

ఒకరోజు పొద్దున్న పోస్టాఫీసు గుమాస్తా కటింగు అయ్యాక లేచి, మెడ దులుపుకుని, అద్దంలో రెండు పక్కలా చూసుకుని వెళ్లిపోయాడు. ఆయన వెళ్లాక కూడా కత్తెర ఆడుతూనే ఉంది. ఖాళీ కుర్చీ మీద, లేని తలకాయకి, రెండు నిమిషాల పాటు కటింగు జరిగింది. తాత ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకున్నాడు. ఆగలేదు. మూతి కుడిపక్కకి గుంజింది. కత్తెర జారి నేల మీద పడింది.

నలభై ఆరేళ్లలో ఆయన చేతిలోంచి కత్తెర కింద పడటం అదే మొదటిసారి. తాత ముందు చెయ్యి చూసుకోలేదు. కత్తెర మొన వంగిందేమోనని చూశాడు.

ఆసుపత్రిలో తల స్కానింగు తీశారు. మెదడులో ఎడమవైపు, నడినెత్తికి కాస్త ముందుగా, నిమ్మకాయంత గడ్డ ఉంది.

"నెమ్మదిగా పెరిగే రకం. చాలా ఏళ్ల నుంచే ఉండి ఉంటుంది" అంది ఆపరేషన్ చేసే డాక్టరమ్మ.

"నాకు ఒక్క మాట చెప్పకుండానా?" అన్నాడు తాత.

డాక్టరమ్మ ఓపికగల మనిషి. కుడిచేతిని నడిపేది ఎడమవైపు మెదడని, గడ్డ సరిగ్గా ఆ చోటుని ఆనుకుని ఉన్నట్టుందని కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. చెయ్యి ఉండే చోటు కచ్చితంగా ఎక్కడో తెలుసుకోకుండా కోస్తే గడ్డతో పాటు చెయ్యి కూడా పోతుందంది.

"పోతుందంటే, ఊడిపోతుందా?" అని తాత భార్య నాయనమ్మ పక్కనుంచి అడిగింది.

"ఊడదమ్మా. అక్కడే ఉంటుంది. చెప్పిన మాట వినదు."

"అయితే అచ్చం ఈయనలాగే."

తాత నవ్వలేదు. చెయ్యి మాట వినకపోతే తన సంగతేమిటో ఆయనకి తెలుసు. రెండు కుర్చీలు, ఒక అద్దం, గోడకి వేలాడే తోలుపట్టీ, రేడియో. వాటన్నిటి మధ్యా ఆయన్ని నిలబెట్టింది ఆ కుడిచెయ్యే. మిగతా ఒళ్లంతా దాని వెంట తోడు వచ్చినట్టు వచ్చింది.

చోటు కనిపెట్టడానికి ఇంకో రకం స్కానింగు ఉందని డాక్టరమ్మ చెప్పింది. మామూలు స్కానింగు మెదడు ఎలా ఉందో చూపిస్తే, ఇది మెదడు ఏం చేస్తోందో చూపిస్తుందట. ఏ భాగం పని చేస్తుంటే ఆ భాగానికి రక్తం ఎక్కువగా పరిగెత్తుతుందట. మిషను ఆ పరుగుని పసిగట్టి, బొమ్మలో అక్కడ నారింజ రంగు వేస్తుందట. కోసే ముందు ఆ బొమ్మ పెట్టుకుని, ఎటువైపు నుంచి దూరాలి, ఎక్కడ ఆగాలి అని లెక్క చూసుకుంటారట.

"అంటే లోపల పనిదొంగ ఎవడో తేలిపోతుందన్నమాట" అన్నాడు తాత. మిషను ఆయనకి నచ్చింది.

మిషను నడిపే ఆపరేటరు మాత్రం నచ్చలేదు. ఆయన యాభై ఏళ్ల పెద్దమనిషి, మర్యాదస్తుడు. కానీ తల మీద ఒక్క వెంట్రుక లేదు. అలాంటి తలకాయ చెప్పే మాటలు తాత ఎప్పుడూ సగమే వింటాడు.

"ఒంటి మీద ఇనుము ఏమైనా ఉందా?" అని ఆపరేటరు అడిగాడు.

తాత జేబులోంచి ముక్కు వెంట్రుకలు తీసే చిన్న కత్తెర బయటపెట్టాడు.

"అయ్యా, ఇది గదిలోకి వస్తే మిషను లాగేసుకుంటుంది. గాల్లో ఎగిరి వచ్చి మీకే గుచ్చుకుంటుంది. ఇంట్లో పెట్టి రమ్మన్నాం కదా!"

"పెద్దది ఇంట్లోనే పెట్టానయ్యా" అన్నాడు తాత, అన్యాయంగా మాటపడ్డవాడిలా.

పడుకోబెట్టారు. తల కదలకుండా రెండు పక్కలా దూది దిండ్లు దోపారు. గది చల్లగా ఉందని మెడ దాకా దుప్పటి కప్పారు. "మొదలుపెట్టండి" అన్నప్పుడు కుడిచేతి బొటనవేలితో మిగతా వేళ్లని ఒక్కొక్కటే తాకాలి, "ఆపండి" అన్నప్పుడు ఆపాలి, ఎడమచెయ్యి కదలకూడదు. అదీ పని. తాతకి నవ్వొచ్చింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వేళ్లాడించే మనిషికి ఇదో పరీక్షా?

మిషను ఎవరో రేకుల షెడ్డు విప్పుతున్నట్టు మోగింది. తాత ఆ మోతకి తాళం పట్టుకుని వేళ్లు ఆడించాడు, ఆపాడు, ఆడించాడు.

బయటికి లాగాక ఆపరేటరు అడిగాడు. "ఎడమచెయ్యి కదపలేదు కదా?"

"నేనా? రాయిలా పడున్నానయ్యా."

అది అబద్ధం కాదు. ఆయనకి తెలిసినంతలో అదే నిజం.

రెండు రోజుల తర్వాత డాక్టరమ్మ బొమ్మ పట్టుకుని మాట్లాడుతుంటే ఆమె ముఖం వెలిగిపోయింది. గడ్డ ఉన్న ఎడమవైపు నారింజ రంగు మసకమసగ్గా ఉంది. ఏమీ ఉండకూడని కుడివైపు మాత్రం ధగధగలాడుతోంది.

"గడ్డ ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరిగింది కదా, మీ మెదడు ఇరుకు తట్టుకోలేక కుడిచేతి పనిని అవతలివైపుకి మార్చేసుకున్నట్టుంది. చాలా అరుదుగా జరుగుతుంది. మీ అదృష్టం. ఇక ఇవతల భయం లేదు. పూర్తిగా మత్తిచ్చి గడ్డ మొత్తం శుభ్రంగా తీసేస్తాను. గురువారం ఆపరేషన్."

తాత ఆ వార్తని సంచిలో కూరగాయలు మోసుకొచ్చినట్టు వీధికి మోసుకొచ్చాడు. మూసిన షాపు ముందు బల్ల వేసుకుని కూర్చున్నాడు. వచ్చినవాళ్లకి, పోయేవాళ్లకి, అసలు అడగనివాళ్లకి కూడా చెప్పాడు.

"నా చెయ్యి లోపల ఇల్లు మారిందయ్యా. నన్ను అడగలేదు, పెట్టలేదు. సామాన్లన్నీ తనే మోసుకుపోయింది. డాక్టరమ్మ తన సర్వీసులో ఇలాంటి బుర్ర చూడలేదంది."

డాక్టరమ్మ అలా అనలేదు. "అరుదు" అంది. వీధి మలుపు తిరిగేసరికి ఆ మాట అలా పెరిగింది.

మూడోసారి చెబుతున్నప్పుడు నాయనమ్మ గుమ్మంలో నిలబడి వింది. తాత స్కానింగు ఎలా జరిగిందో చేసి చూపిస్తున్నాడు. బల్ల మీద వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటే ఆడిస్తున్నాడు. జనం కుడిచెయ్యి చూస్తున్నారు. నాయనమ్మ పెళ్లయిన నాటి నుంచీ ఆయన్ని చూస్తోంది కాబట్టి ఎడమచెయ్యి చూసింది.

జనం వెళ్లాక అడిగింది. "ఏమయ్యా, ఆ మిషన్లో కూడా ఇలాగే చేశావా?"

"ఇలాగే. వేలు తప్పలేదు."

"ఎడమచెయ్యి కూడా?"

"ఎడమచేతికి పనేముందే అక్కడ?"

"ఏమో మరి. ఇప్పుడు మాత్రం దువ్వుతోంది."

తాత కిందికి చూసుకున్నాడు. ఒళ్లో పెట్టుకున్న ఎడమచెయ్యి రెండు వేళ్ల మధ్య దువ్వెన పట్టుకున్నట్టు వంగి ఉంది. ఎవరిదో జుట్టు ఎత్తి, కత్తెర కోసం ఎదురుచూస్తున్నట్టు ఆగి ఉంది.

దానికి ఆయన మేనమామని అనాలి. పన్నెండో ఏట తాతని పనిలో పెట్టుకున్నాక ఆ మేనమామ ఆరు నెలలు ఒక్క తల కూడా ముట్టనివ్వలేదు. ఎడమచేతికి ఒక చెక్కముక్క, కుడిచేతికి మొద్దు కత్తెర ఇచ్చి గోడ ముందు నిలబెట్టాడు. దువ్వెన ఎత్తాలి, కత్తెర ఆడాలి, దువ్వెన దిగాలి. ఎడమచెయ్యి లేవకుండా కత్తెర నోరు తెరిచిందంటే బ్రష్షు పిడితో కణుపుల మీద ఒక్కటి పడేది. అప్పటి నుంచి ఆ రెండు చేతులకీ విడివిడిగా బతకడం రాదు. తాత సంతకం పెడుతుంటే ఎడమచెయ్యి కాగితాన్ని దువ్వుతుంది. నిద్రలో కుడిచెయ్యి కదిలితే ఎడమది నాయనమ్మ జడ ఎత్తుతుంది.

"అయితే ఏమంటావ్?" అన్నాడు తాత, కోపంగా.

"నేనేం అంటాను? కుడివైపు అంత వెలిగింది ఎడమచెయ్యి వల్లేనేమో అంటున్నాను. డాక్టరమ్మే చెప్పింది కదా, ఏ చెయ్యి పని దాని అవతలివైపు కనబడుతుందని."

"బొమ్మ అబద్ధం చెప్తుందా?"

"బొమ్మకేం తెలుసు పాపం. నీ ఎడమచెయ్యి దుప్పటి కింద ఉంది."

తాత షాపు తెరిచాడు. కస్టమర్ల మెడకి కట్టే తెల్లగుడ్డతో ఎడమచేతిని కుర్చీకి కట్టించుకున్నాడు. "చూడు ఇప్పుడు" అని కుడిచెయ్యి పైకెత్తాడు. చూపుడువేలు వచ్చింది. నడిమివేలు వచ్చింది. ఉంగరపువేలు దగ్గర చెయ్యి దారి తప్పినట్టు ఆగిపోయింది. కట్టు లోపల ఎడమచెయ్యి గిలగిల్లాడింది. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అక్కడే ఆగింది.

అద్దంలో ఆ వేషం తాతే చూసుకున్నాడు. కట్టు విప్పించుకున్నాడు.

"చెప్పకపోతే ఏమవుతుంది?" అన్నాడు చివరికి.

"ఏమీ కాదు. గురువారం గడ్డ పోతుంది. దాని వెనకే చెయ్యి కూడా పోతుంది."

"వీధంతా చెప్పేశాను కదే."

"వీధికి నేను చెప్తాలే. నువ్వు చెప్పినవి సరిదిద్దడం నాకేమైనా కొత్తా?"

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ డాక్టరమ్మ గది ముందు కూర్చున్నారు. తాత లోపలికి వెళ్లి విషయం మేనమామ దగ్గర నుంచి ఎత్తుకున్నాడు. డాక్టరమ్మ గడియారం వైపు రెండుసార్లు చూసింది. చెక్కముక్క దాకా వచ్చేసరికి చూడటం మానేసింది. బల్ల మీది ఫైళ్లు పక్కకి జరిపి, "చేసి చూపించండి" అంది. తాత కుడివేళ్లు ఆడించాడు. ఆమె ఎడమచెయ్యినే చూసింది.

తర్వాత కంప్యూటర్లో బొమ్మ తెరిచి, కుడివైపు ధగధగలాడుతున్న నారింజ రంగు మీద వేలు పెట్టింది.

"అంటే ఇది మీ దువ్వెన."

"అయ్యుంటుందమ్మా."

డాక్టరమ్మ మంచినీళ్లు తాగింది. ఆపరేటర్ని పిలిపించింది. ఆయన వచ్చి, సంగతి విని, తాత వంక చూశాడు.

"రాయిలా ఉన్నానన్నారు కదండీ!"

"ఉన్నాననే అనుకున్నానయ్యా. రాయికి తెలుస్తుందా?"

మళ్లీ స్కానింగు పెట్టారు. ఈసారి ఎడమచేతిని పట్టీలతో కట్టి చూశారు. కట్టేకొద్దీ అది బిగుసుకుపోతోంది, బిగుసుకోవడం కూడా బొమ్మలో పడుతుందట. ఎవరైనా పట్టుకుంటే నయమన్నాడు ఆపరేటరు. నాయనమ్మ తయారైంది. మిషను గదిలోకి వెళ్లాలంటే ఒంటి మీద ఇనుము ఉండకూడదు కదా, ఆవిడ బట్టల్లోంచి పిన్నీసులు తీసి పళ్లెంలో వేయడం మొదలుపెట్టింది. పదకొండు వచ్చాయి. పన్నెండోది ఎక్కడో ఉందని ఆవిడే చెప్పింది, అరగంట వెతికితే దొరికింది. చెవికమ్మలు సబ్బు రాస్తే గానీ ఊడలేదు.

లోపల ఆవిడ తాత ఎడమచేతిని రెండు చేతుల మధ్యా పెట్టుకుని కూర్చుంది. చెవులకి మోత వినబడకుండా పెద్ద తొడుగులు. ఎడమచెయ్యి లేవబోయినప్పుడల్లా మెల్లగా నొక్కింది. అంతసేపు ఆయన చెయ్యి పట్టుకోవడం కాపురంలో అదే మొదటిసారి. అది కూడా డాక్టరు చెబితేనే. కుడివేళ్లు తడబడ్డాయి, వెతుక్కున్నాయి, నాలుగో విడతకి ఒంటరిగా నడవడం నేర్చుకున్నాయి.

కొత్త బొమ్మలో కుడివైపు చీకటి. ఎడమవైపు ఒకే ఒక్క నారింజ చుక్క ఉంది. అది గడ్డ వెనక అంచుని ఆనుకుని ఉంది. రెండింటికీ మధ్య గోరు పట్టే సందు కూడా లేదు.

"నిజం చెప్పి చాలా మంచి పని చేశారు" అంది డాక్టరమ్మ. "అందువల్ల మీకిప్పుడు చెడ్డవార్త చెప్పాల్సి వస్తోంది."

ముందు అనుకున్నట్టు మొత్తం తీస్తే చెయ్యి పోవడం దాదాపు ఖాయం. చెయ్యి కావాలంటే ఆ అంచున గడ్డని కొంచెం వదిలెయ్యాలి. వదిలింది మళ్లీ పెరగొచ్చు. ఎప్పుడన్నది తను కూడా చెప్పలేనంది. ఆపరేషన్ కూడా తాతని మెలకువగా ఉంచి చెయ్యాలి. ఆయన వేళ్లాడిస్తూ ఉంటే ఆమె చూసుకుంటూ కోస్తుంది.

నాయనమ్మ వెంటనే అంది. "మొత్తం తీసెయ్యండమ్మా. చెయ్యి పోతే పోనీ. మనిషి ఉంటే చాలు."

ఆవిడ గొంతు అలా ఉండటం తాత ఎప్పుడూ వినలేదు. అందుకే కసరబోయినవాడు కసరలేదు.

"చెయ్యి పోయాక ఆ మిగిలేవాడు ఎవడే?" అన్నాడు. "వాడు నీకూ తెలియదు, నాకూ తెలియదు. ముక్కూమొహం తెలియనివాణ్ణి ఇంట్లో పెట్టుకుని ఏం చేస్తావు?"

నాయనమ్మ పళ్లెంలోంచి తెచ్చుకున్న పిన్నీసులు ఒక్కొక్కటే పెట్టుకుంటూ కూర్చుంది. పన్నెండూ పెట్టుకున్నాక, "సరే, ఉంచండి" అంది.

ఆపరేషన్ రోజున అసలు గొడవ వార్డులోనే మొదలైంది. తల గొరగడానికి వార్డు మనిషి కరెంటు మిషను పట్టుకొచ్చాడు. మెదడు కోస్తారంటే బెదరని తాత ఆ మిషను పట్టుకున్న తీరు చూసి బెదిరాడు.

"అలా ఎదురు గొరిగితే చర్మం గీసుకుపోతుంది నాయనా. చెవి మడుచు. మడుచు అంటే లాగమని కాదు. ముందు నీ మణికట్టు వదులు చెయ్యి."

"తాతగారూ, మీరు కదలకండి."

"నేను కదలట్లేదు, ప్రాణం లేచిపోతోంది."

చివరికి అద్దం తెప్పించుకుని, వెంట్రుక వెంట్రుకకీ దారి చెప్పి, తన తల తనే దగ్గరుండి గొరిగించుకున్నాడు. ఇంత పెద్ద ఆసుపత్రిలో ఒక్కడికీ పని రాదని థియేటర్లోకి వెళ్లేదాకా అంటూనే ఉన్నాడు.

లోపల తాతకి నొప్పి తెలియలేదు. ముఖానికి, డాక్టరమ్మకి మధ్య ఆకుపచ్చ గుడ్డ అడ్డంగా ఉంది. మత్తు డాక్టరు స్టూలు వేసుకుని తాత ఎడమచెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. కుడివేళ్లు ఆడుతున్నాయి, వస్తున్నాయి, పోతున్నాయి. గుడ్డ అవతల సన్నని చప్పుళ్లు. ఒకసారి డాక్టరమ్మ, "ఎలా ఉంది?" అంది. "కుర్చీలో కూర్చున్నవాడి బాధ ఇప్పుడు తెలుస్తోందమ్మా" అన్నాడు తాత.

గంటన్నర గడిచింది. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు. మళ్లీ చూపుడువేలు, నడిమివేలు. ఉంగరపువేలు రాలేదు.

"ఆగండి" అన్నాడు మత్తు డాక్టరు.

గుడ్డ అవతల చప్పుడు ఆగింది. తాత వేలుని చూస్తున్నాడు. రమ్మన్నాడు. అది పక్కింటివాడి వేలులా ఊరుకుంది. మత్తు డాక్టరు చేతుల్లో ఎడమచెయ్యి లేచింది, సాయం చేద్దామని. ఆయన నొక్కి పట్టాడు. తాత కంట్లోంచి నీరు చెవిలోకి జారింది. ఉంగరపువేలు కొంచెం వణికింది, తర్వాత బద్ధకంగా లేచి బొటనవేలి దాకా వచ్చింది.

"ఇంకో రెండు మిల్లీమీటర్లు ఉంది" అంది డాక్టరమ్మ, తనలో తను అనుకుంటున్నట్టు.

"ఉంచెయ్యమ్మా" అన్నాడు తాత. "జీవితంలో మొదటిసారి, పొట్టిగా వద్దు అని నేను అడుగుతున్నాను."

ఆమె ఉంచేసింది.

రెండు నెలలు కుడిచెయ్యి నీళ్లలో నానిన చెక్కలా బరువుగా ఉంది. తాత పాత పేపర్లు తెచ్చుకుని అంచులు కత్తిరిస్తూ కూర్చున్నాడు. మూడో నెలలో షాపు తెరిచాడు. గడ్డాలు గీయడం మానేసి కటింగులు మాత్రం పెట్టుకున్నాడు. ఒకప్పుడు పావుగంటలో అయ్యే తల ఇప్పుడు ముప్పావుగంట పట్టింది. ఇప్పుడెవరూ స్పీడని మెచ్చుకోవడం లేదు. కాకపోతే వినబడే ప్రతి టకటకా ఆయనదే.

ఆరు నెలలకి మళ్లీ స్కానింగు. తాత, నాయనమ్మ బయట బెంచీ మీద కూర్చుని ఉండగా వాళ్ల ముందున్న పేషెంటుని ఆపరేటరు లోపలికి తీసుకెళ్తున్నాడు.

"ఏం పని చేస్తారమ్మా మీరు?" అని అడిగాడు.

"బట్టలు కుడతానండీ. కుట్టుమిషను."

"కాలితో తొక్కేదేనా?"

"అవునండీ. ఎందుకు?"

ఆపరేటరు జవాబు చెప్పకుండా కాళ్లు పట్టుకోవడానికి మనిషిని కేకేశాడు. తాత నాయనమ్మని మోచేత్తో పొడిచాడు. ఇంత విద్య ఆసుపత్రికి నేర్పింది ఎవరనుకున్నావ్ అన్నట్టు. నేర్పింది తప్పు చేసి అన్నది ఆ మోచేతికి తెలియదు.

మధ్యాహ్నం డాక్టరమ్మ పాత బొమ్మ, కొత్త బొమ్మ పక్కపక్కన పెట్టి కొలిచింది. ఒకసారి కాదు, మూడుసార్లు. నాయనమ్మ ఊపిరి బిగబట్టింది.

"పెరగలేదు. ఉన్నదున్నట్టే ఉంది."

"ఉండనివ్వండమ్మా" అన్నాడు తాత, వదిలిన ఊపిరితో పాటు దర్జా కూడా వచ్చేసి. "మా షాపులో పొద్దున్నే వచ్చి కూర్చుని, పేపరంతా చదివి, కటింగు చేయించుకోకుండా పోయేవాళ్లు ముగ్గురున్నారు. ఇన్నేళ్లలో వాళ్లని పొమ్మన్నానా? ఇదీ అలాగే ఒక మూల కూర్చుంటుంది."

డాక్టరమ్మ నవ్వింది.

"ముగ్గురా?" అంది నాయనమ్మ. "నిరుటి మాట అది. ఇప్పుడు అయిదుగురు."

డాక్టరమ్మ నవ్వు ఆపింది. తర్వాతి స్కానింగుకి ఆరు నెలలకని రాసిన తారీఖు కొట్టేసి, నాలుగు నెలలకి రాసింది.